రైల్లో రాత్రంతా పెట్టినా ఫోన్ ఎందుకు నిండదు: ఛార్జరు, కేబులు, పవర్ బ్యాంకు లెక్కలు

ముందు మీరు అడిగినవన్నీ ఒకచోట పెట్టుకుందాం. సికింద్రాబాద్ నుంచి విశాఖకు స్లీపర్లో రాత్రి ప్రయాణం. పది ఇరవైకి 22 శాతం ఉన్న ఫోన్ని మీ తమ్ముడి లాప్‌టాప్ ఛార్జరుకి (65 వాట్లది, టైప్-సి) తగిలించి పడుకున్నారు. తెల్లారి అయిదింటికి చూస్తే 36. ఇంట్లో దాని సొంత 67 వాట్ల ఛార్జరుతో గంటలోపే నిండే ఫోనది. రెండోది, 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకుతో 5,000 ఎంఏహెచ్ ఫోను నాలుగుసార్లు నిండాలి కదా, మూడోసారికే ఎందుకు చేతులెత్తేస్తోందని. మూడోది, కేబుల్ కాస్త కదిలితే చాలు ఛార్జింగ్ ఆగిపోవడం. నాలుగోది, దుబాయి మీదుగా అమెరికా వెళ్తున్న అమ్మగారికి ఈ పవర్ బ్యాంకూ ఛార్జరూ ఇచ్చి పంపొచ్చా అని.

ఛార్జరు పోలేదు, బ్యాటరీ కూడా పోలేదు. బ్యాటరీ మార్పించే ఆలోచన ఉంటే మానుకోండి.

రైలు సంగతిలో అసలు కారణం చాలామందికి తెలియదు. రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా బోగీల్లో మొబైల్ ఛార్జింగ్ పాయింట్లకు కరెంటు ఆపేయాలన్నది రైల్వే పెట్టుకున్న నియమం. 2013 డిసెంబరు 28 తెల్లవారుజామున అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర బెంగళూరు-నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ తగలబడి 26 మంది చనిపోయారు. ఆ తర్వాత రైల్వే భద్రతా కమిషనర్ చేసిన సిఫారసుల్లో ఇదీ ఉంది. కొన్నాళ్లు కాగితం మీదే నడిచి, 2021లో మళ్లీ గట్టిగా అమల్లోకి వచ్చింది. ఇప్పటికీ అన్ని బళ్లలో ఒకేలా ఉండదు. ఒక బండిలో రాత్రంతా వస్తుంది, ఇంకో బండిలో పదకొండు కాగానే ఠక్కున పోతుంది. కాబట్టి రాత్రి బండి ఎక్కేటప్పుడు పదకొండు తర్వాత కరెంటు రాదనుకునే లెక్క వేసుకోండి.

ఇప్పుడు మీ అంకెలు చూడండి. పది ఇరవై నుంచి పదకొండు దాకా మీకు దక్కింది నలభై నిమిషాలు. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ అంటే సుమారు 19 వాట్-అవర్లు (ఒక వాటు చొప్పున గంటసేపు పారితే ఒక వాట్-అవర్). ఆ నలభై నిమిషాలూ ఫోను 10 వాట్లు తీసుకుందనుకుంటే లోపలికి వెళ్లింది దాదాపు 6.7 వాట్-అవర్లు, అందులో వేడి కింద పోగా బ్యాటరీలో చేరేది అయిదున్నర, ఆరు మధ్య. అంటే 29, 30 శాతం. పదకొండుకి మీ ఫోను 51 దగ్గర ఉండి ఉంటుంది. అక్కణ్ణుంచి అయిదింటి దాకా పరుగెత్తే బండిలో టవర్ల కోసం వెతుక్కుంటూ గంటకి రెండు రెండున్నర శాతం తింటూ వచ్చింది. 51లోంచి 15 తీసేస్తే 36. రాత్రంతా పెట్టానని మీరు అనుకుంటున్నారు గానీ నిజానికి పెట్టింది నలభై నిమిషాలే.

సరే, 65 వాట్ల ఛార్జరు పెట్టి 10 వాట్ల లెక్క ఎందుకు వేశానంటారా? ఛార్జరు మీద రాసి ఉన్న వాట్లు అది ఇవ్వగలిగిన గరిష్ఠం. ఫోనూ ఛార్జరూ ఒకే భాష మాట్లాడితేనే అంత వస్తుంది. లాప్‌టాప్ ఛార్జర్లు, ఐఫోన్లు, పిక్సెళ్లు మాట్లాడేది యూఎస్‌బీ పీడీ, అంటే పవర్ డెలివరీ. శాంసంగ్ 25, 45 వాట్లకి పీడీలోనే పీపీఎస్ అనే రకం కావాలి. వన్‌ప్లస్, ఒప్పో, రియల్‌మీ వాళ్లకి సూపర్‌వూక్ అనే సొంత ఫాస్ట్ ఛార్జింగ్ కుటుంబం వేరు. షావోమీ, రెడ్‌మీల పెద్ద వాట్ల ఛార్జింగ్ కూడా వాళ్ల సొంత ఛార్జరు, సొంత కేబులు ఉంటేనే. భాష కలవకపోతే రెండూ రాజీపడి మామూలు 5 వోల్టులకి దిగిపోతాయి. అక్కడ దక్కేది 10 వాట్లు, మహా అయితే 15. కొన్ని ఫోన్లు పీడీతో 18 దాకా ఒప్పుకుంటాయి. అందుకే ‘65 వాట్ల ఛార్జరు’ అనే మాటకి ఏ ఫోనుకి అన్నది చెప్పకపోతే అర్థమే లేదు.

దీన్ని తెలుసుకోవడానికి మీటరు కొనక్కర్లేదు. ఫోను 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు స్క్రీన్ ఆపి పది నిమిషాలు పెట్టి ఎంత పెరిగిందో చూడండి. 5,000 ఎంఏహెచ్ ఫోనులో 2 శాతం పెరిగితే వస్తున్నది అరా ఆంపియరు, అంటే రెండున్నర వాట్లు. 7 పెరిగితే 10 వాట్ల దగ్గర. ఇరవై దాటితే 30 వాట్లకి అటూఇటూ. 80 దాటాక ఈ పరీక్ష చెయ్యొద్దు. లిథియం బ్యాటరీ నిండే కొద్దీ కరెంటు తగ్గించుకుంటూ పోతుంది, ఎంత మంచి ఛార్జరైనా చివరి ఇరవై శాతం నత్తనడకే. ప్రయాణంలో వందకోసం సాకెట్ దగ్గర కాపలా కాయడం దండగ, 80 కాగానే తీసి పక్కవాళ్లకి ఇవ్వండి.

రైలు సాకెట్లో ఇంకో తిరకాసు వోల్టేజీ. చాలా బోగీల్లో ఛార్జింగ్ పాయింట్లలో వచ్చేది 110 వోల్టులు, ఇంట్లోలా 230 కాదు. ఛార్జరు వెనక అద్దం పెట్టి చూస్తే ‘ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్’ అని సన్నగా ఉంటుంది. అలా ఉంటే బేఫికర్. ఫుట్‌పాత్ మీద కొన్న కొన్నిటికి 180-240 అనో, అసలేమీ రాయకుండానో ఉంటుంది. అవి రైల్లో వెలగకపోవడం, వెలిగినా ఆగి ఆగి ఛార్జ్ చేయడం అందుకే. వోల్టేజీ సగమైతే అదే వాట్లకి కరెంటు రెట్టింపు లాగాలి. సాకెట్లో కాంటాక్టు లూజుగా ఉంటే అక్కడ పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఇంట్లో ఉన్నంత లూజే ఇక్కడా ఉంటే వేడి నాలుగింతలు. చిటపట శబ్దమో, ప్లాస్టిక్ కాలిన వాసనో వస్తే ఆ సాకెట్ వదిలేయండి, దాన్ని ఒత్తి కూర్చోబెట్టే ప్రయత్నం చెయ్యొద్దు.

లూజు ఎక్కువగా పిన్ను సైజు వల్ల వస్తుంది. మన దేశపు మూడు పిన్నుల చిన్న ప్లగ్గు పిన్నులు 5 మిల్లీమీటర్ల లావు. ఫోన్లతో వచ్చే రెండు పిన్నుల ఛార్జర్లలో చాలా వాటికి యూరప్ తరహా 4 మిల్లీమీటర్ల పిన్నులు. వేలమంది పెట్టి తీసిన సాకెట్లో ఆ సన్న పిన్ను నిలవదు, బండి ఊపుకి దిగజారుతుంది. పైగా ఈమధ్య ఛార్జర్లు బరువు. అందుకని లావు పిన్నులున్న చిన్న ఛార్జరు, 20 నుంచి 30 వాట్లది, ప్రయాణానికి వేరే పెట్టుకోండి. జేబురుమాలు కుక్కి బిగించేవాళ్లుంటారు. కాంటాక్టు వేడెక్కేచోట గుడ్డ పెట్టడం కంటే తెలివితక్కువ పని ఇంకోటి లేదు. ఎలక్ట్రిక్ కెటిల్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఆ పాయింట్లు ఫోనుకీ లాప్‌టాప్‌కీ మాత్రమే. కెటిల్ పెట్టి దొరికితే రైల్వే చట్టం కింద కేసు.

కేబుల్ దగ్గరకి వద్దాం. పై బెర్తులో పడుకుని కింద సాకెట్ నుంచి లాగడానికి రెండు మీటర్ల కేబుల్ కొంటారు. తక్కువ ధర కేబుళ్లలో పవర్ తీగ 28 గేజీ, చాలా సన్నం (గేజీ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది). అందులో కరెంటు వెళ్లడానికి రెండు మీటర్లు, తిరిగి రావడానికి రెండు మీటర్లు, మొత్తం నాలుగు మీటర్ల దారికి నిరోధం 0.85 ఓమ్. 2 ఆంపియర్లు పారితే దారిలోనే 1.7 వోల్టులు పోతాయి. 5లోంచి 1.7 పోతే ఫోనుకి చేరేది 3.3, దాంతో ఛార్జింగే అవదు. ఫోను తెలివిగలది కాబట్టి వోల్టేజీ పడిపోతున్న కొద్దీ తను లాగే కరెంటు తగ్గించుకుని ఒక ఆంపియరు దగ్గర సర్దుకుంటుంది. మీకు కనబడేది ‘ఛార్జింగ్’ అన్న మాటే, కింద వేగం సగం. అదే తీగ 24 గేజీదైతే నష్టం 0.7 వోల్టులు, ఓర్చుకోవచ్చు. అట్ట మీద గేజీ రాయరు. ‘60 వాట్లు, 3 ఆంపియర్లు’ అని ఉన్న టైప్-సి కేబుల్ పేరున్న కంపెనీది ఒక మీటరుది తీసుకుంటే ఫోన్లకి చాలు. 100 వాట్లు, ఆపై అని ఉండేవాటి కొనలో చిన్న చిప్ ఉంటుంది, అది లాప్‌టాప్ ఉన్నవాళ్లకి. సూపర్‌వూక్, షావోమీ ఛార్జర్లకి మాత్రం వాటితో వచ్చిన కేబులే పట్టుకెళ్లండి. ఆ యూఎస్‌బీ కొనలో అదనపు పిన్ను ఉంటుంది, మామూలు కేబుల్లో ఉండదు.

ఇక కదిలితే ఆగిపోవడం. చాలా కేసుల్లో అది కేబుల్ తప్పూ కాదు, పోర్టు విరగడమూ కాదు. జేబులోని నూగు. రోజూ కాస్త కాస్త చేరి, కేబుల్ పెట్టిన ప్రతిసారీ లోపలికి నొక్కుకుపోయి, పోర్టు అడుగున అట్టముక్కలా గట్టిపడుతుంది. గుర్తు ఏంటంటే, కేబుల్ పూర్తిగా నొక్కినా దాని మెటల్ కొన ఒక మిల్లీమీటరో, ఇంకాస్తో బయటికి కనిపిస్తుంది, ‘టిక్’ అని కూర్చోదు. కొత్త కేబుల్ కొన్నా అదే తంతు.

తీయడం ఇలా. ఫోను పూర్తిగా స్విచ్ ఆఫ్ చెయ్యండి. కిటికీ దగ్గరో, ఇంకో ఫోను టార్చి కిందో పోర్టులోకి చూడండి. టైప్-సి పోర్టు మధ్యలో పలచని నాలుకలా ఒకటి ఉంటుంది, పిన్నులన్నీ దాని మీదే. నూగు ఉండేది ఆ నాలుకకి పైనా కిందా ఉన్న సందుల అడుగున. చెక్క టూత్‌పిక్‌ని బ్లేడుతో చెక్కి పలచగా చేసి, పోర్టు గోడకి ఆనించి అడుగుదాకా పోనిచ్చి, నాలుకకి తగలకుండా పక్కకి గీరుతూ బయటికి లాగండి. మొదట ఏమీ రానట్టుంటుంది, తర్వాత ఒక్కసారిగా బూడిదరంగు ముద్ద ఊడి వస్తుంది. రెండు మూడు ముద్దలు వచ్చేదాకా ఆపొద్దు. సిమ్ పిన్ను, సూది, పిన్నీసు వద్దు, పిన్నులు షార్ట్ అవుతాయి, నాలుక గీరుకుపోతుంది. నోటితో ఊదకండి, ఉమ్మి తడి లోపలికి పోతుంది. గీరాక కూడా కదులుతుంటే, రెండు మూడు కేబుళ్లతోనూ అలాగే ఉంటే, అప్పుడు పోర్టు అరిగినట్టు. చాలా ఫోన్లలో పోర్టు వేరే చిన్న బోర్డు మీద ఉంటుంది, దాన్ని మాత్రమే మారుస్తారు, మదర్‌బోర్డు పోయిందని ఎవరైనా చెబితే ఇంకో షాపులో అడగండి.

వానాకాలంలో ఇంకొకటి కలుస్తుంది, ‘పోర్టులో తడి ఉంది’ అన్న హెచ్చరిక. అది వచ్చినప్పుడు బలవంతంగా ఛార్జ్ చేస్తే తడిలో కరెంటు పారి పిన్నులు ఆకుపచ్చగా తుప్పుపడతాయి. పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని అరచేతిలో నెమ్మదిగా కొట్టి, ఫ్యాను గాలికి అరగంట ఉంచండి. బియ్యంలో పెట్టొద్దు, నూకలూ పిండీ లోపల చేరతాయి. ఆపిల్ కూడా తన సహాయ పేజీలో బియ్యం వద్దనే రాసింది. తడి లేకున్నా హెచ్చరిక పోకపోతే కేబుల్ కొన చూడండి, చాలాసార్లు తడి అక్కడే ఉంటుంది.

ప్రయాణంలో ఛార్జింగ్ ఎంత వేగంగా ఎక్కిందన్నది సగమే, ఎంత తక్కువ దిగిందన్నది మిగతా సగం. రాత్రి పడుకునే ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెడితే ఆ 15 శాతంలో 12 మిగిలేవి. ఆ మోడ్‌లోనూ అలారం మోగుతుంది. ఫోన్లు రావాలంటే కనీసం 5జీ ఆపి 4జీకి మార్చండి, సిగ్నల్ వచ్చిపోయే చోట 5జీ, 4జీల మధ్య గంతులేయడమే ఎక్కువ తింటుంది. రెండు సిమ్‌లుంటే వాడనిది ఆపండి. ‘బండి ఎక్కడుందో’ చూపించే యాప్‌లు తెర మూసినా లొకేషన్ తీసుకుంటుంటాయి. లొకేషన్ అనుమతి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెడితే సరి. ఇంకో సంగతి, ఫోను మీ నిద్ర వేళలు నేర్చుకుని రాత్రిపూట 80 దగ్గర ఆగి, మీరు లేచే ముందు నింపే ఏర్పాటు ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. ఇంట్లో మంచిదే. నాలుగింటికి లేచి బండి పట్టుకోవాల్సిన రోజు ముందు రాత్రి దాన్ని బ్యాటరీ సెట్టింగుల్లో ఆపండి.

పవర్ బ్యాంకు మోసం అనుకుంటున్నారు, కాదు. 20,000 ఎంఏహెచ్ అన్నది లోపలి సెల్లుల లెక్క, 3.7 వోల్టుల దగ్గర. అంటే 74 వాట్-అవర్లు. బయటికి వచ్చేటప్పుడు దాన్ని 5కో 9కో పెంచాలి, ఆ పెంపకంలో 10 నుంచి 15 శాతం వేడిగా పోతుంది. మిగిలింది 63, 65. ఫోను మళ్లీ దాన్ని తన బ్యాటరీ వోల్టేజీకి దించుకుంటుంది, అక్కడ ఇంకో పది శాతం. మొత్తానికి బ్యాటరీలో చేరేది 55 నుంచి 58 వాట్-అవర్లు. 19తో భాగిస్తే మూడు. మధ్యలో ఫోను వాడుతుంటే మూడు కూడా రాదు. పవర్ బ్యాంకు వెనక ‘రేటెడ్ కెపాసిటీ’ అని చిన్న అక్షరాల్లో 12,000 చిల్లర అంకె ఒకటి ఉంటుంది, 5 వోల్టుల దగ్గర నిజంగా ఇచ్చేది అది. కొనేటప్పుడు పెట్టె ముందు అంకె చూడకండి, ఇది చూడండి. అది రాయని దాన్నీ, బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు లేని దాన్నీ ముట్టుకోకండి. అరచేతిలో పట్టేంత సైజులో 50,000 అని రాసి ఉంటే అది అబద్ధం, అంత సెల్లు ఆ డబ్బాలో పట్టదు.

రెండు ఫోన్లు ఒకేసారి పెడితే చాలా పవర్ బ్యాంకులు ఫాస్ట్ ఛార్జింగ్ ఆపేసి రెండింటికీ కలిపి 5 వోల్టులే ఇస్తాయి. తొందర ఉంటే ఒకటి తర్వాత ఒకటి పెట్టుకోవడమే త్వరగా తేలుతుంది. ఇయర్‌బడ్స్ పెడితే నిమిషంలో ఆగిపోవడం కూడా దాని గుణమే. అవి లాగే కరెంటు మరీ తక్కువ, ఏమీ తగల్లేదనుకుని అది నిద్రపోతుంది. చాలా వాటిలో బటన్ రెండుసార్లు నొక్కితే తక్కువ కరెంటు మోడ్ వస్తుంది. పవర్ బ్యాంకుని నింపడానికి పాత 10 వాట్ల ఛార్జరు పెడితే తొమ్మిది పది గంటలు కావాలి, 18 వాట్లదైతే అయిదారు. ప్రయాణం పొద్దున అనగా రాత్రి పన్నెండుకి గుర్తొస్తే సగంతోనే బయల్దేరతారు. వీటిని వాడని నెలల్లో సగం ఛార్జితో ఉంచండి, పూర్తిగా ఖాళీ చేసి బీరువాలో పడేస్తే సెల్లు చచ్చిపోతుంది. పొట్ట ఉబ్బిన దాన్ని ఇక వాడొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి.

వేడి గురించి రెండు మాటలు. మే నెలలో విజయవాడ మీదుగా స్లీపర్లో పగటి ప్రయాణం చేస్తూ, మందపాటి కవరుతో, తలగడ కింద ఫోను పెట్టి ఛార్జ్ చేస్తే ఏ ఛార్జరూ పనిచేయదు. బ్యాటరీ 40 డిగ్రీలు దాటితే ఫోనే వేగం తగ్గించుకుంటుంది, 45 దగ్గర దాదాపు ఆపేస్తుంది. కవరు తీసి, బెర్తు మీద బోర్లా పెట్టి, ఫ్యాను గాలి తగలనివ్వండి. కార్లో డ్యాష్‌బోర్డు మీద ఎండలో మ్యాప్ నడుపుతూ ఛార్జ్ పెట్టినా శాతం తగ్గడానికీ ఇదే కారణం. దానికి తోడు కారు మ్యూజిక్ సిస్టం యూఎస్‌బీ పోర్టు చాలా బళ్లలో అరా ఆంపియరే ఇస్తుంది. స్క్రీన్ వెలుగుతూ మ్యాప్ నడిస్తే ఫోను రెండు మూడు వాట్లు తింటుంది, వచ్చే రెండున్నర దానికే సరి. సిగరెట్ లైటర్ గుంటలో పెట్టే పీడీ అడాప్టరు వాడండి, ఏసీ గాలి వచ్చే రంధ్రం దగ్గర హోల్డరు పెట్టండి. బస్సుల్లో సీటు పక్కన ఉండే యూఎస్‌బీ పోర్టులు కూడా అరా నుంచి ఒక ఆంపియరు బాపతే. వాటిని ఫోను ఛార్జి పడిపోకుండా నిలబెట్టడానికి వాడుకోవాలి గానీ నింపడానికి కాదు. బైకు హ్యాండిల్ మీద పెట్టేవాళ్లు కంపనం తగ్గించే డ్యాంపర్ ఉన్న హోల్డరు తీసుకోండి, ఇంజిన్ అదురుకి కెమెరాలోని స్థిరీకరణ భాగం పాడవుతుందని 2021లో ఆపిలే హెచ్చరించింది.

బయటి యూఎస్‌బీ పోర్టుల్లోంచి డేటా దొంగిలిస్తారని రిజర్వ్ బ్యాంకు కూడా తన ప్రచార పుస్తకంలో రాసింది. లాక్ చేసి ఉన్న ఇప్పటి ఫోన్లు అడక్కుండా డేటా ఇవ్వవు కాబట్టి అంత హడలిపోనక్కర్లేదు. అయినా సొంత ఛార్జరుని గోడ సాకెట్లో పెడితే ఆ భయమూ ఉండదు, వేగమూ వస్తుంది.

అమ్మగారి ప్రయాణానికి. పవర్ బ్యాంకు చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టనే కూడదు, చేతి సంచిలోనే. 100 వాట్-అవర్ల లోపు ఉండాలి, మీది 74 కాబట్టి ఇబ్బంది లేదు. 27,000 ఎంఏహెచ్ దాకా ఈ పరిమితిలో పడుతుంది, 30,000 అయితే 111 అవుతుంది, ఎయిర్‌లైన్ అనుమతి అడగాలి. దాని మీది అంకెలు అరిగిపోయి కనబడకపోతే సెక్యూరిటీ దగ్గర తీసి పక్కన పెట్టేస్తారు, అది ఎక్కువమందికి తగిలే దెబ్బ. అలా ఉంటే కొత్తది కొనిపెట్టండి. 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం నేల మీదే తగలబడ్డాక చాలా ఎయిర్‌లైన్లు కఠినమయ్యాయి. దుబాయి ఎయిర్‌లైన్ ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి ఒక్క పవర్ బ్యాంకునే అనుమతిస్తోంది, విమానంలో దాంతో ఫోను ఛార్జ్ చేయకూడదు, దాన్ని ఛార్జ్ చేయకూడదు, తలపైన అరలో పెట్టకూడదు. ముందు సీటు జేబులో గానీ కాళ్ల దగ్గర సంచిలో గానీ ఉంచమనండి. ఎక్కేలోపే ఫోను నింపుకోవాలి, వీల్‌చైర్ సాయం తీసుకుంటున్నారంటే ఈ మాట తోడుండే వాళ్లకి కూడా చెప్పండి. టికెట్, ఎవరిని కలవాలో ఆ నంబర్లు ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టండి, ఫోను ఆగిపోతే అదే పనికొస్తుంది.

అమెరికాలో గోడ కరెంటు 120 వోల్టులు. రైల్లో 110తో పనిచేసిన ఛార్జరు అక్కడా పనిచేస్తుంది, మార్చాల్సింది పిన్ను ఆకారమే. బల్లపరుపు రెండు పిన్నుల అడాప్టరు రెండు కొనివ్వండి, ఒకటి ఎక్కడో పోతుంది. అడాప్టరు వోల్టేజీని మార్చదు, పిన్నుని మాత్రమే మారుస్తుంది. కాబట్టి 100-240 అని రాసి లేని ఏ వస్తువునీ దానికి తగిలించొద్దని చెప్పండి. ముఖ్యంగా మన 230 వోల్టుల మిక్సీని. 120 దగ్గర అది సరిగా తిరగదు, పచ్చడి వేసి బిగిస్తే మూలుగుతూ కాలిపోతుంది. మోటారు 110 వోల్టులదని రాసి ఉన్న మిక్సీలు ఇక్కడే అమ్ముతారు, తీసుకెళ్లేదుంటే అది తీసుకెళ్లాలి.

మీ తర్వాతి రాత్రి బండికి మాత్రం తమ్ముడి ఛార్జరు ఇంట్లో వదిలి, మీ ఫోను పెట్టెలో వచ్చిన ఛార్జరు, కేబులే తీసుకెళ్లండి. దాని పిన్ను ఆ సాకెట్లో నిలవకపోతే లావు పిన్నులదే వాడుకోవాలి, వేగం కాస్త తగ్గినా. బండి ఎక్కగానే పెట్టండి, పదిన్నర దాకా ఆగొద్దు. 22 నుంచి 80కి అది అరగంటలో పోతుంది. తర్వాత పక్క బెర్తు ఆయనకి సాకెట్ ఇచ్చి ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి పడుకుంటే విశాఖలో 75కి తగ్గకుండా దిగుతారు.